రెండో లాంప్ కొనేముందు నీళ్ళ సంగతి చూడండి
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు నీళ్ళతో చేసిన యూవీ (అతినీలలోహిత కిరణాలతో గట్టిపడే) పాలిష్ గురించే. దీని గురించి తెలియనివాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు చెప్తాను. మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌లలో థిన్నర్ ఉన్నట్టు ఇందులో నీళ్ళు ఉంటాయి. చెక్క మీద కొట్టి, నీళ్ళు ఆరాక యూవీ లాంప్ కింద నుంచి పంపిస్తే సెకన్లలో గట్టిపడిపోతుంది. థిన్నర్ ఘాటు ఉండదు, మంటల భయం చాలా తక్కువ, లాంప్ కింద నుంచి వచ్చిన తలుపుని కాసేపటికే పేర్చుకోవచ్చు. మంచి సరుకే. కానీ మన వైపు వానాకాలంలో దీనితో పని చేసేవాళ్ళకి కొన్ని విషయాలు ఎవరూ చెప్పడం లేదని ఈ ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది.

మేడమ్, రావులపాలెం దగ్గర మాకు తలుపుల షాపు ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో యూవీ కన్వేయర్ (తలుపుల్ని లాంప్ కింద నుంచి నడిపించే బెల్టు మిషన్) కొన్నాం. ఒక మెర్క్యురీ లాంప్, దానికి ముందు ఆరబెట్టే గదిలో ఫ్యాన్లు. ఎండాకాలం అంతా పని బాగా వచ్చింది. శ్రావణం నుంచి పాలిష్ మసకగా, తెల్లగా వస్తోంది, గోరుతో గీస్తే గీత పడుతోంది. ఒక పార్టీ తలుపులు వెనక్కి పంపేశారు. మిషన్ అమ్మినాయన ఇంకో లాంప్ పెట్టించుకోమంటున్నాడు. అప్పు చేసి పెట్టించమంటారా? – ఒక పాఠకుడు, రావులపాలెం

వద్దండీ, ఇప్పుడే అప్పు చెయ్యకండి. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: ఎండాకాలం అదే లాంప్, అదే పాలిష్, అదే మనుషులు, పని బాగా వచ్చింది. మారింది గాలి ఒక్కటే. లాంప్‌లో లోపం ఉంటే ఉండొచ్చు, అది తర్వాత చూద్దాం, ముందు పొరలోంచి నీళ్ళు పోతున్నాయో లేదో చూడాలి.

ఈ పాలిష్‌లో నూటికి 35 నుంచి 40 వంతులే రెసిన్ (చివరికి గట్టి పొరగా మిగిలేది), మిగతాది దాదాపు అంతా నీళ్ళు. ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు తలుపు ఒక పక్క కొడితే, చదరపు మీటరుకి 100 గ్రాముల లెక్కన, సుమారు 195 గ్రాముల పాలిష్ పడుతుంది, అందులో 120 గ్రాముల దాకా నీళ్ళే. అవన్నీ లాంప్ దగ్గరికి వెళ్ళేలోపు బయటికి పోవాలి. యూవీ వెలుగు నీళ్ళను ఆరబెట్టదు, అది రెసిన్‌లో ఉన్న ఫోటో ఇనిషియేటర్ అనే పదార్థాన్ని విడగొట్టి, రెసిన్ అణువుల్ని ఒకదానికొకటి కలిపే గొలుసుకట్టు చర్య మొదలుపెడుతుంది, అంతే. నీళ్ళు లోపల ఉండగానే లాంప్ కింద పెడితే, పాల మీద మీగడ కట్టినట్టు పైపొర గట్టిపడి కింద తడి అలాగే ఉండిపోతుంది, ఇక దానికి బయటికి దారి ఉండదు. ఆ తడి వల్లే తెల్లగా కనిపిస్తుంది, ఆ తడి వల్లే చెక్కని పట్టుకోదు, గోరు పెడితే గీత పడుతుంది. ఈ స్థితిలో రెండో లాంప్ పెడితే మూత ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా పడుతుంది తప్ప లోపలి నీళ్ళు పోవు.

మరి వానాకాలంలో ఎందుకు పోవడం లేదు? మీ గదిలో ఫ్యాన్లు ఉన్నాయన్నారు, హీటర్ గురించి రాయలేదు. మన దగ్గర ముసురు పట్టిన రోజున గాలి 30 డిగ్రీల వేడి, 85 శాతం తేమతో ఉంటుందనుకోండి. అది అప్పటికే నీళ్ళతో నిండుగా ఉంది, ఇంకా ఎక్కడ తీసుకుంటుంది? ఫ్యాన్ ఎంత గట్టిగా తిప్పినా ఆ తడి గాలినే తిప్పుతుంది. అదే గాలిని 45 డిగ్రీలకు వేడి చేశారనుకోండి, దానిలో ఒక్క చుక్క నీరు తగ్గకపోయినా తేమ శాతం 38 దగ్గరికి పడిపోతుంది, ఎందుకంటే వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోయగలదు. 50 డిగ్రీలకు తీసుకెళ్తే 30 శాతం లోపే. అంటే పెద్ద ఖర్చు లేకుండా మీ ఆరబెట్టే గదికి మళ్ళీ ఎండాకాలం తెచ్చుకోవచ్చు. రెండో లాంప్‌కి పెట్టే డబ్బులో కొంత హీటర్‌కి, కొంత ఎగ్జాస్ట్‌కి పెట్టండి. ఎగ్జాస్ట్ మాత్రం మర్చిపోవద్దు. తలుపుల్లోంచి వచ్చిన ఆవిరి గదిలోనే తిరుగుతుంటే కాసేపటికి మళ్ళీ మొదటికొస్తుంది, అందుకే కొంత గాలి బయటికి పోవాలి, కొత్త గాలి వేడెక్కి లోపలికి రావాలి.

ఇంకో మాట, తొందరపడి మొదటి నిమిషంలోనే 60, 70 డిగ్రీల గాలి కొట్టించకండి. పైన తోలు కట్టేసి లోపలి నీళ్ళు బుడగలై లేస్తాయి. ముందు తక్కువ వేడితో, గాలి బాగా ఆడేలా కాసేపు ఉంచి, ఆ తర్వాత వేడి పెంచండి. సాధారణంగా 40 నుంచి 60 డిగ్రీల మధ్య కొన్ని నిమిషాలు అంటారు, కానీ ఆ 'కొన్ని నిమిషాలు' మీ షాపులో ఎన్నో మీరే తేల్చుకోవాలి. దానికి ఒక పద్ధతి చెప్తాను, నేను ఎక్కడైనా మొదట ఇదే చేయిస్తాను.

పది సెంటీమీటర్ల చదరంగా ఒక గాజు పలక కోయించండి. బంగారం కొట్లో వాడేలాంటి, గ్రాములో వందో వంతు చూపించే చిన్న తూకం కొనండి, ఇప్పుడు చవగ్గానే దొరుకుతున్నాయి. ఖాళీ పలక తూచి రాసుకోండి. మీ స్ప్రే గన్‌తో తలుపుకి కొట్టినట్టే పలకకీ కొట్టి వెంటనే తూచండి, దాదాపు ఒక గ్రాము పెరుగుతుంది. ఇప్పుడు తలుపులతో పాటే ఆరబెట్టే గదిలో పెట్టి, రెండేసి నిమిషాలకు తీసి తూస్తూ ఉండండి. మొదట గబగబా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, చివరికి అంకె కదలదు. ఒక గ్రాములో 0.6, 0.65 గ్రాము దాకా పోయి, 0.4, 0.35 దగ్గర నిలిస్తే నీళ్ళు పోయినట్టే. ఎన్ని నిమిషాలకు నిలిచిందో అది మీ సమయం. గాజు నీళ్ళు పీల్చదు, చెక్క పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి తలుపులకి ఇంకొంచెం కలపండి. ఎండ రోజు ఒకసారి, ముసురు రోజు ఒకసారి చేసి రెండు అంకెలూ గోడ మీద రాసి పెడితే కుర్రాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మీరు రాయలేదు గానీ చాలా షాపుల్లో జరిగే సంగతి ఇంకోటి ఉంది. సాయంత్రం కొట్టి ఆరబెట్టిన తలుపుల్ని రాత్రంతా అలాగే ఉంచి పొద్దున్న లాంప్ వేస్తారు. రాత్రి తేమకి ఆ పొర మళ్ళీ నీళ్ళు పీలుస్తుంది, పైగా చల్లబడిపోతుంది. గట్టిపడడానికి ముందు పొర గోరువెచ్చగా ఉంటే అందులోని అణువులు కదిలి ఒకదానికొకటి దొరుకుతాయి, కలిసే చర్య ఎక్కువ దూరం నడుస్తుంది. చల్లని పొరలో అవి ఉన్నచోటే ఇరుక్కుపోతాయి. కాబట్టి ఆరబెట్టే గదిలోంచి వేడిగా ఉండగానే నేరుగా లాంప్ కిందికి పంపండి. పాలిష్ అదే, లాంప్ అదే, గట్టిదనంలో తేడా మీ గోటికే తెలుస్తుంది.

పాలిష్ చిక్కగా ఉందని బోరు నీళ్ళు మాత్రం కలపకండి. మన వైపు చాలా చోట్ల బోర్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. రెసిన్ కణాలు నీళ్ళలో విడివిడిగా తేలేది వాటి మీదున్న విద్యుదావేశం వల్ల, ఉప్పు తగిలితే అవి గుంపులు కట్టి పలుకులు పడతాయి. కలపాలంటే బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, అదీ కంపెనీ చెప్పిన మేరకే.

ఇవన్నీ చేశాక కూడా మెత్తగా ఉంటే అప్పుడు లాంప్ దగ్గరికి రండి. రిఫ్లెక్టర్ మీద పాలిష్ తుంపరలు, రంపపు పొట్టు దుమ్ము పేరుకుంటే చాలా వెలుగు అక్కడే ఆగిపోతుంది, లాంప్ ఆపి చల్లారాక స్పిరిట్‌తో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి, క్వార్ట్జ్ గొట్టాన్ని ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. మెర్క్యురీ లాంప్ సుమారు 1000 గంటలు దాటితే కంటికి బాగానే వెలుగుతున్నట్టు కనిపిస్తూనే యూవీ తగ్గిపోతుంది. సెకండ్‌హ్యాండ్ మిషన్ అన్నారు కదా, గంటల మీటర్ చూడండి. కన్వేయర్ వేగం సగానికి తగ్గిస్తే తలుపుకి అందే మొత్తం యూవీ రెట్టింపవుతుంది, అది ఖర్చు లేని పని, ముందు అది చేసి చూడండి. వెనక్కి వచ్చిన తలుపుల్ని మళ్ళీ లాంప్ కింద పెట్టి లాభం లేదు, పై పొర ఉప్పు కాగితంతో గీకి, పూర్తిగా ఆరనిచ్చి, కొత్తగా కొట్టాల్సిందే.

అమ్మా, నేను పాలకొల్లులో వడ్రంగి పని చేస్తాను, వయసు మీద పడింది. మా అబ్బాయి ఈ యూవీ పాలిష్ డబ్బా తెచ్చాడు, లాంప్ లేదు. ఎండలో కూడా యూవీ ఉంటుంది కదా, ఎండలో పెడితే గట్టిపడదా? – ఒక వడ్రంగి, పాలకొల్లు

బాబాయ్ గారూ, మీ ఆలోచన తప్పేం కాదు, ఎండలో యూవీ ఉంటుంది. కానీ ఆ లాంప్ ఇచ్చేదానికీ ఎండ ఇచ్చేదానికీ తేడా చాలా ఉంది. మెర్క్యురీ లాంప్‌లో 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పొట్టి కిరణాల నుంచి 365 దాకా, ఇంకా పైకి అన్నీ ఉంటాయి. ఆ పొట్టి కిరణాలే పై పొరని జిడ్డు లేకుండా గట్టిపరుస్తాయి. సూర్యుడిలోనూ అవి ఉన్నా ఓజోన్ పొర ఆపేస్తుంది, నేల మీదికి రావు. మనకి అందేది ఎక్కువగా పొడుగు కిరణాలే, అవి కూడా లాంప్‌తో పోలిస్తే చాలా పలచన. వెలుగు పలచగా ఉన్నప్పుడు గాలిలోని ఆక్సిజన్ గెలుస్తుంది, గట్టిపడే చర్యని పైపైనే ఆపేస్తుంది. అందుకే ఎండలో పెట్టిన పలక లోపల కొంత బిగుసుకున్నా పైన చేతికి అంటుకుంటూ ఉంటుంది, మబ్బు పడితే అదీ లేదు.

ఇంటి దగ్గర చేత్తో చేసే పనికి లాంప్ అవసరం లేని నీళ్ళ పీయూ పాలిష్‌లు ఉన్నాయి, ఒకే డబ్బాలో వచ్చేవి, రెండు కలుపుకునేవి కూడా. అవి వాడుకోండి. మీ అబ్బాయి తెచ్చిన డబ్బాని ఎండ తగలకుండా, వేడి లేని చోట పెట్టించండి. రేకుల షెడ్డులో వదిలేస్తే లోపల జున్నుగడ్డ కట్టేస్తుంది, ఇక దేనికీ పనికిరాదు. వేరే సీసాలో పోసి ఉంచాల్సి వస్తే వెలుతురు దూరని నల్ల సీసాలో పోయండి, నిండా పోయకుండా పైన కొంచెం గాలికి చోటు వదలండి. డబ్బాలో గడ్డకట్టకుండా కంపెనీ వేసే మందు పని చెయ్యాలంటే దానికి కాస్త ఆక్సిజన్ కావాలి.

టేకు మీద వాడతారేమో కాబట్టి ఇదీ చెప్తాను. టేకులో సహజంగా ఉండే నూనెలు పూత పట్టుకోవడాన్నీ, గట్టిపడడాన్నీ దెబ్బతీస్తాయి. కొట్టే ముందు స్పిరిట్‌తో తుడిచి, ఆరాక సీలర్ (చెక్కని మూసే మొదటి పూత) కొట్టండి. నీళ్ళ పాలిష్ ఏదైనా మొదటి కోటుకి చెక్క పోగులు లేస్తాయి, మీకు చెప్పేదేముంది, 320 నంబర్ ఉప్పు కాగితంతో పైపైన రుద్ది రెండో కోటు వెయ్యండి.

మేడమ్, అమలాపురం దగ్గర మా గ్రూపు ఆడవాళ్ళం కొబ్బరి చిప్పలతో గిన్నెలు, దీపాలు చేస్తున్నాం. ఆన్‌లైన్‌లో కొన్న చేతి ఎల్‌ఈడీ యూవీ లైటుతో పాలిష్ గట్టిపరుస్తున్నాం. బయట బాగుంటోంది, లోపల జిగటగా ఉండిపోతోంది. ఇద్దరికి చేతుల మీద దద్దుర్లు వచ్చాయి. ఏం చెయ్యాలి? – ఒక పాఠకురాలు, అమలాపురం

ముందు దద్దుర్ల సంగతి, అది అన్నిటికంటే ముఖ్యం. గట్టిపడని యూవీ పాలిష్‌లో ఉండే ఎక్రిలేట్‌లు చర్మానికి ఎలర్జీ తెస్తాయి. ఒకసారి ఎలర్జీ మొదలైందంటే తర్వాత కొంచెం తగిలినా మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి వదలదు. ఆ ఇద్దరినీ పాలిష్ పని నుంచి తప్పించి చిప్పలు నున్నగా చేసే పనికి మార్చండి, చర్మ డాక్టర్‌కి చూపించండి, ఏం పాలిష్ వాడుతున్నారో డబ్బా కూడా తీసుకెళ్ళి చూపించండి. మిగతావాళ్ళు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, పల్చటి ప్లాస్టిక్ గ్లౌజులు దీనికి ఆగవు. ఆ లైటు వైపు నేరుగా చూడకండి, చేతుల మీద పడనివ్వకండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

లోపల ఎందుకు గట్టిపడదంటే, వెలుగు పడిన చోటే గట్టిపడుతుంది. గిన్నె లోతులో, అంచు కింద నీడ ఉంటే అక్కడ ఏమీ జరగదు. పైగా చేతి లైటు దూరం జరిగేకొద్దీ బలం గబగబా పడిపోతుంది. గిన్నెని తిప్పుతూ, లైటుని లోపలికి దగ్గరగా దించి పట్టుకోవాలి. ఇంకో కారణం కూడా ఉండొచ్చు: చవక ఎల్‌ఈడీ లైట్లు 395 నానోమీటర్ల దగ్గర ఒకే రకం వెలుగు ఇస్తాయి. మీ పాలిష్ మెర్క్యురీ లాంప్ కోసం చేసిందైతే అందులోని ఇనిషియేటర్ ఆ వెలుగుని సరిగా పట్టుకోదు, వెలుగు పలచగా పడే లోపలి భాగం జిగటగానే ఉండిపోతుంది. డబ్బా మీద గానీ, అమ్మినవాళ్ళనడిగి గానీ '395 ఎల్‌ఈడీకి పనిచేస్తుందా' అని రాతపూర్వకంగా తెలుసుకోండి. బాపో, టీపీఓ రకం ఇనిషియేటర్లు ఉన్నవి ఆ వెలుగుకి పనిచేస్తాయి. వీటిలో టీపీఓని యూరప్‌లో గోళ్ళ రంగుల్లాంటి సౌందర్య సాధనాల్లో వాడకుండా 2025 సెప్టెంబర్ 1 నుంచి నిషేధించారు, పునరుత్పత్తికి హాని చేసే పదార్థాల జాబితాలో ఉంది కాబట్టి. ఎగుమతి ఆలోచన ఉంటే టీపీఓ లేనిదే ఎంచుకోండి.

గిన్నెల విషయంలో గట్టిగా చెప్తున్నాను: తినడానికి వాడే గిన్నె లోపల ఈ పాలిష్ వెయ్యకండి. పూర్తిగా గట్టిపడిన పొరలోంచి కూడా మిగిలిపోయిన ఇనిషియేటర్ ఆహారంలోకి దిగగలదు. 2005లో ఇటలీలో పసిపిల్లల పాల పెట్టెల మీద అచ్చు వేసిన యూవీ సిరాలోంచి ఐటీఎక్స్ అనే ఇనిషియేటర్ పాలలోకి చేరిందని తేలి లక్షల లీటర్లు వెనక్కి తీసుకున్నారు. అది పెట్టె బయట వేసిన సిరా, మీరు వేసేది గిన్నె లోపల. ఆహారానికి తగలొచ్చని కంపెనీ కాగితం ఇస్తే తప్ప వద్దు. గిన్నె లోపలికి కొబ్బరి నూనె రుద్దితే చాలు, దానికి మన దగ్గర కొరత లేదు. యూవీ పాలిష్‌ని దీపాలకీ, అలంకరణ వస్తువులకీ ఉంచుకోండి.

మేడమ్, కాకినాడలో కెమికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఈ పాలిష్‌నే తీసుకున్నాను. గట్టిపడడం మెరుగైందని దేనితో చూపించాలి? – ఒక విద్యార్థి, కాకినాడ

మీ ల్యాబ్‌లో ఎఫ్‌టీఐఆర్ (పరారుణ కాంతితో పదార్థంలోని బంధాలు చూపించే పరికరం) ఉంటే 810 సెంటీమీటర్ ఇన్వర్స్ దగ్గర ఎక్రిలేట్ జంట బంధం శిఖరం చూడండి. లాంప్‌కి ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత మిగిలింది అన్నదే చర్య ఎంతవరకు నడిచిందో చెప్తుంది. దానితో పాటు షాపువాళ్ళు నమ్మే పరీక్షలు కూడా చెయ్యండి: గుడ్డని ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్ అనే ద్రావకం)లో ముంచి ఎన్నిసార్లు రుద్దితే పొర పోతుంది, గళ్ళు గీసి టేపు అంటించి లాగితే ఎన్ని గళ్ళు లేస్తాయి, ఎంత గట్టి పెన్సిల్‌తో గీసేదాకా గీత పడదు. ఎంఈకే మంటలంటుకునే ద్రవం, గాలి ఆడే చోట చెయ్యండి. వెలుగుని లెక్కపెట్టేటప్పుడు రెండు అంకెలు విడిగా రాయండి, ఒక్కసారి పడే తీవ్రత, మొత్తం అందిన మోతాదు. ఒకే మోతాదుని తక్కువ తీవ్రతతో ఎక్కువసేపు ఇస్తే ఒకలా, ఎక్కువ తీవ్రతతో కొద్దిసేపు ఇస్తే ఇంకోలా వస్తుంది, ముఖ్యంగా పైపొర దగ్గర. మీ ప్రాజెక్టుకి మాత్రం లాంప్ కంటే ఆరబెట్టే సమయాన్నీ, లాంప్ కిందికి వెళ్ళేటప్పటి పొర వేడినీ మార్చి చూడమంటాను. పైన రావులపాలెం పాఠకుడికి చెప్పిన తూకం పద్ధతితో ప్రతి నమూనాలో ఎంత నీరు మిగిలిందో రాసి, దాని పక్కనే ఎఫ్‌టీఐఆర్ అంకె పెడితే మన షాపులన్నిటికీ పనికొచ్చే గ్రాఫ్ తయారవుతుంది. పూర్తయితే నాకు పంపండి, ఇదే పేజీలో వేయిస్తాను.

మేడమ్, భీమవరంలో మాది చిన్న ఫర్నిచర్ యూనిట్. కరెంటు పోయి వస్తే మెర్క్యురీ లాంప్ వెంటనే వెలగడం లేదు. ఈలోగా కన్వేయర్ మీదున్న సరుకు ఏం చెయ్యాలి? – ఒక పాఠకుడు, భీమవరం

అది లాంప్ లోపం కాదు. ఆ లాంప్ ఆరిపోతే చల్లబడేదాకా మళ్ళీ వెలగదు, వెలిగాక పూర్తి బలానికి రావడానికి ఇంకో కొన్ని నిమిషాలు పడుతుంది. మాటిమాటికీ ఆరి వెలిగితే ఆయుష్షు కూడా తగ్గుతుంది. వోల్టేజ్ పడిపోయినా యూవీ తగ్గుతుంది, స్టెబిలైజర్ పెట్టించండి. మళ్ళీ కొనే రోజు వచ్చినప్పుడు ఎల్‌ఈడీ గురించి ఆలోచించండి, అది స్విచ్ వెయ్యగానే వెలుగుతుంది, కరెంటు తక్కువ తాగుతుంది, మెర్క్యురీ బెడద లేదు. అప్పుడు పాలిష్ కూడా ఎల్‌ఈడీకి సరిపోయేది మార్చాలి.

కన్వేయర్ మీదున్న సరుకులో లాంప్ కిందికి సగం వెళ్ళి ఆగిపోయిన పలకని పక్కన పెట్టి గుర్తు పెట్టండి, దానికి సగం ఒకలా సగం ఇంకోలా అంది ఉంటుంది. మిగతావి అసలు వెలుగు తగలనివి, వాటికి భయం లేదు. దుమ్ము పడకుండా కప్పి ఉంచి, కరెంటు వచ్చాక ముందు ఆరబెట్టే గదిలో పెట్టి వేడెక్కించి, లాంప్ పూర్తి బలానికి వచ్చిందని మీటర్ చూశాకే పంపండి.